వనజాక్షి టీచరు కాక్టస్‌కు హజరత్తయ్య వైద్యం

"కాక్టస్‌కు వైద్యం ఏమంత బ్రహ్మవిద్య కాదబ్బా. నాడి దొరకాల, అంతే," అని మొదలుపెట్టినాడు హజరత్తయ్య, చిట్టమూరులో పరంజ్యోతి టీ అంగడి కాడ.

"మన వనజాక్షి టీచరింట్లో ఉండాదే, పీపా మాదిరి గుండ్రంగా, ఒళ్ళంతా ముళ్ళతో, ఆ కాక్టస్. చనిపోయిన ఆమె భర్త పెంచింది, పదిహేనేళ్ళది. అది అడుగున మెత్తబడి, గోధుమరంగుకు తిరిగి, ఒక పక్కకు ఒరిగిపోయిందని ఆమె ఏడస్తా ఫోన్ చేసింది. పొయ్యి చూస్తే కుండీ నిండా బురద! 'అక్కా, రోజూ నీళ్ళు పోస్తుండావా?' అంటి. 'ఆయన జ్ఞాపకం గదా హజరత్తయ్యా, పొద్దున్నే దానికో చెంబెడు పోసినాకే నేను కాఫీ తాగతా' అనింది. 'ప్రేమతో ముంచేసినావక్కా, వేర్లు కుళ్ళినాయి' అన్నా."

"పాపం," అనింది పరంజ్యోతి, పాలు తిరగబోస్తా.

"చెవి ఆనించి విన్నా. లోపల గుడగుడ! గోరంత గాటు పెట్టినా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? బిందెలు నిండినాయి, తొట్టి నిండింది, నీళ్ళు వాకిలి దాటి పదెకరాల నారుమళ్ళు తడిపి, పులికాట్‌లో పడినాయి. ఎండిన బురదలో కూరుకుపోయిన పడవలన్నీ లేచి తేలినాయి. చెంచయ్య ఆ పూటే వలేసినాడు, అడగండి!"

"చెంచయ్య మద్రాసుకు పొయ్యి ఆర్నెల్లాయె గదన్నా?" అనింది పరంజ్యోతి.

"ఆడికీ పారినాయిలే నీళ్ళు, ఫోన్ చేసి కనుక్కో! ఇంక కుళ్ళిన వేర్లు కోసి, వారం నీడన ఆరబెట్టి, ఇసకా గులకరాళ్ళూ కలిపి నాటినా. పదిరోజులు నీళ్ళు ముట్టొద్దన్నా. అంతలో ముళ్ళ నడాన తెల్లగా దూది మాదిరి పిండినల్లి పురుగు పట్టింది. స్పిరిటులో ముంచిన దూదితో తుడిచినా. నల్లులకు మత్తెక్కింది. ఒకదాని భుజం మీద ఒకటి చెయ్యేసుకోని, పాడతా నాయుడుపేట రోడ్డు పట్టినాయి. హైవే మీద లారీలు అర్ధగంట ఆగినాయి!"

"ఏం పాటన్నా?" అడిగినాడు సమాధానం అనే పక్క క్లినిక్కు కాంపౌండరు.

"తాగినోళ్ళ పాటకు మాటలుంటాయా? ఆమీట పెరిగింది చూడు ఆ చెట్టు, కొబ్బరిచెట్లు దాటిపాయె! రాకెట్ వదిలే రోజు శ్రీహరికోట నుంచి ఫోను. 'అయ్యా, దారికి అడ్డంగా ఉండాది, కొంచెం వంచిపట్టండి' అని. ఈ చేత్తోనే వంచినా. రాకెట్ పొయ్యినాక వదిలినా."

"ముళ్ళు గుచ్చుకోలేదా?"

"నాకా? నన్ను చూస్తే ముల్లు వంగి దండం పెడతాది!"

సమాధానం గ్లాసు కింద పెట్టినాడు.

"అన్నా, ఆ చెట్టుకు వైద్యం జరిగిన రోజు నువ్వు మా క్లినిక్కు బల్ల మీద బోర్లా పడుకోని ఉండావు. టీచరింట్లో గోనెసంచి చుట్టి పక్కన పెట్టిన కాక్టస్ మీద, మూట అనుకోని కూర్చున్నావంట. నలభై మూడు ముళ్ళు నేనే పట్టకారుతో తీసినా. వేర్లు కోసి, ఆరబెట్టి నాటింది మీ ఇంటామె, మాలకొండమ్మ వదిన. ఆమే నవ్వతా చెప్పింది."

అంగడంతా గొల్లుమనింది. పరంజ్యోతి చేతిలో పాలు ఒలికినాయి.

హజరత్తయ్య టీ తాపీగా ఊదుకున్నాడు.

"మరి ఆమె వేర్లు కోసేటప్పుడు చెట్టు కదలకుండా ఎవురన్నా అదిమి పెట్టాల గదబ్బా!"