మూడో గదిలోని లెస్తారిని గారు

మగవారిని ‘పాక్’ అన్నట్టే మేమందరం గౌరవంగా ‘బు’ అని పిలుచుకునే శ్రీమతి లెస్తారిని గారు 1994 ఆగస్టు ఒకటవ తేదీన, సెమరాంగ్‌లోని మన సేవాకేంద్రంలో మానసిక చికిత్సకురాలిగా బాధ్యతలు స్వీకరించారు. నేను అంతకు రెండు నెలల ముందే వ్యాపార సలహాదారుగా చేరాను. ఈ రెండు నెలల తేడాను ముప్పై ఏళ్లుగా గుర్తుపెట్టుకున్నవాణ్ణి నేనొక్కణ్ణే.

మొదటి గదిలో, వచ్చిన వ్యాపారి ఏం చేయాలో నేను రాసిస్తాను. రెండో గదిలో కోచ్ ప్రస్తోవో గారు దాన్ని మనిషి చేత వారం వారం చేయిస్తారు. ఎందుకు చేయలేకపోతున్నారో తమకే తెలియనివారు మూడో గదికి, అనగా ఆమె వద్దకు వెళ్తారు. లెబరాన్ (రంజాన్) పండుగకు ఆ గుమ్మం ముందు మిఠాయి బుట్టలు పేరుకునేవి. నాకు క్యాలెండర్లు వచ్చేవి. ఆమె ఆ బుట్టలను ఒక్కటైనా ఉంచుకోక కార్యాలయమంతటికీ పంచేవారు. నేనూ తిన్నాను. 2011లో నాకే వస్తుందని నా భార్య ఇరుగుపొరుగుకు చెప్పుకున్న సంచాలక పదవి ఆమెను వరించింది. ఆనాటి అభినందన పత్రం చదివింది కూడా నేనే.

2016లో జరిగిన ఒక సంఘటనను, రొట్టెల బట్టీ యజమాని పాక్ సుబియాన్ గారి అనుమతితో ప్రస్తావిస్తున్నాను. ఇరవై ఇద్దరు పనివారున్న ఆ బట్టీ మూతపడే స్థితిలో నేను నలభై పేజీల ప్రణాళిక రాసిచ్చాను. ఎనిమిది నెలలైనా ఆయన దాన్ని ముట్టుకోలేదు. ప్రస్తోవో గారు గడువులు పెట్టి, పెట్టి, చివరకు మూడో గదికి పంపారు. అయిదు నెలలకు పాత పొయ్యి పోయి కొత్తది వచ్చింది, బట్టీ నిలబడింది. ఒక ఉదయం ఆయన రొట్టెల బుట్టతో నా గది దాటి వెళ్తుంటే ఉండబట్టలేక ఆపాను.

“కొత్త పొయ్యి నా ప్లాన్‌లోదే కదా, పాక్?”

“మీదే పాక్. రాసింది రాసినట్టు చేశాం.”

“మరి రొట్టెలు ఆవిడకా?”

ఆయన నవ్వారు. “పాత పొయ్యి మా నాన్న తన చేత్తో కట్టింది. నాన్న పోయినప్పుడు నేను ఏడవలేదు. ఆవిడ ముందు ఏడ్చా. ఆ తర్వాతే గునపం పట్టుకోగలిగా.”

“ఇంతకీ ఆవిడేం చెప్పారు?”

“ఏమీ చెప్పలేదు పాక్. విన్నారంతే.”

ఆ మధ్యాహ్నమే వెళ్లి, “నా ప్లాన్‌కి పేరు మీకొచ్చింది, బు” అన్నాను పుల్లవిరుపుగా.

ఆమె కళ్లద్దాలు తీసి నా వంక చూశారు. “మీ పని కాగితం మీద ఉంటుంది, సంతకంతో సహా. నేను చేసింది ఇంట్లో కూడా చెప్పుకోడానికి లేదు. మీ ఫైళ్ల బీరువా చూసినప్పుడల్లా నాకెంత కుళ్లో మీకేం తెలుసు?”

ఆ వారమంతా నాకు హాయిగా నిద్ర పట్టిందని సభాముఖంగా అంగీకరిస్తున్నాను.

అనుమతి ఇచ్చిన పాక్ సుబియాన్ గారిది తప్ప, ఆమె చేత స్వస్థత పొందినవారి పేర్లు ఆమె ముప్పై ఏళ్ల సేవకు గుర్తుగా తెస్తున్న ఈ సంచికలో ఎక్కడా ఉండవు, ఉండకూడదు. వారి కృతజ్ఞతను వారి బదులు, పళ్లు కొరుక్కుంటూనే అయినా, నేను సమర్పిస్తున్నాను. ముప్పై ఏళ్లు ఆమెకు దక్కిన ప్రతిదాని మీదా కన్ను వేసిన నేను, ఇకపై ఆయురారోగ్యాలు మాత్రం నాకన్నా ఆమెకే ఎక్కువగా దక్కాలని మనస్ఫూర్తిగా కోరుకుంటున్నాను.

— హర్గో, వ్యాపార సలహా విభాగం