ల్యాబ్ ఒక్కటే తక్కువ

బడి వదిలేశారు. కౌన్సెలర్ గదిలో బల్లకు ఇవతల ఆవిడ, అవతల హోటల్ లాండ్రీ నుంచి పని బట్టలతోనే వచ్చిన తల్లి, పక్క కుర్చీలో పన్నెండో తరగతి కూతురు.

"ఇంకోసారి చెప్పండి మేడం. అర్థం కాక కాదు. అర్థమైంది నిజమేనా అని."

"మొత్తం ఇరవై నాలుగు క్రెడిట్లు ఉండాలమ్మా."

"దీనికి ఎన్ని ఉన్నాయి?"

"ఇరవై ఐదు."

"అంటే ఒకటి ఎక్కువే."

"ఎక్కువే. కానీ అందులో ల్యాబ్ సైన్సు రెండుండాలి. చిన్నికి ఒకటే ఉంది."

"అయితే తప్పినట్టేనా?"

"తప్పడం కాదు. చదివినవన్నీ పాసే. పట్టా చేతికివ్వడానికి ఒక కోర్సు తక్కువ, అంతే."

"మా హోటల్లో గదికి రెండు దుప్పట్లు, రెండు గలీబులు పంపాలి మేడం. ఒక దుప్పటి పంపి, గలీబులు మాత్రం నాలుగు పంపానన్నమాట. అంతేనా?"

"సరిగ్గా అంతే."

"అలా పంపితే మా సూపర్‌వైజర్ నాలుగు తిట్టి, ఇంకో దుప్పటి పట్టుకెళ్ళమంటాడు. గదికి తాళం వెయ్యడు."

"అమ్మా, ఊరుకో."

"నువ్వుండవే చిన్నీ. నేను మేడంతో మాట్లాడుతున్నా. ఆ ఇంకో దుప్పటి ఎక్కడ దొరుకుతుందో చెప్పండి మేడం. నేను తెస్తాను."

"వేసవి క్లాసు ఉండేదమ్మా ఏటా. ఆరు వారాల్లో అయిపోయేది."

"ఉండేదంటే?"

"ఈ ఏడు లేదు. ల్యాబ్ పైకప్పు కారుతోందని విప్పేశారు. గ్యాసు గొట్టాలు కూడా పీకేశారు. చిన్ని చూసింది."

"చూశానమ్మా. లోపల అంతా సిమెంటు బస్తాలే."

"వేరే బళ్ళో చదవకూడదా?"

"నాలుగు బళ్ళకు ఫోన్ చేశాను. రెండింటిలో వేసవి క్లాసులే లేవు. ఒకటి వాళ్ళ పిల్లలకే అంది. నాలుగోదాంట్లో ఫోన్ ఇంకా ఎవరూ ఎత్తట్లేదు."

"ఇప్పుడు చెయ్యండి."

"పొద్దున్నుంచి..."

"నా ముందు ఒక్కసారి చెయ్యండి మేడం."

"సరే. ఒక్క నిమిషం... మోగుతోంది... హలో, రికార్డుల సెక్షనా? నేను పొద్దున్న కూడా... అవును, కౌన్సెలర్‌నే. ల్యాబ్ సైన్సు ఒక్క సీటు సార్... ఒక్కటే. అమ్మాయి బాగా చదువుతుంది... నిండిపోయిందా? నిలబడైనా... కాదు సార్, నవ్వులాటకు అనట్లేదు. ఒక స్టూలు మేమే పంపిస్తాం... రూలుందని తెలుసు సార్. ఆ రూలు పిల్లలకు చెప్పేది నేనే... సరే. ఉంటాను."

"ఏమన్నారు?"

"ఒక టేబుల్‌కి ఇద్దరే అట. గ్యాసు మంటలుంటాయి కదా, మూడో మనిషిని కూర్చోపెట్టరట."

"మేడం, మా అమ్మకు రెండో షిఫ్టు టైమవుతోంది. మనం రేపు..."

"నా షిఫ్టు సంగతి నేను చూసుకుంటానే. మేడం, కంప్యూటర్‌లో చదువుతారట కదా? మా పక్కింటావిడ కొడుకు ఇంగ్లీషు అలాగే పూర్తి చేశాడు."

"ఇంగ్లీషు చెయ్యొచ్చమ్మా. ల్యాబ్ ఒప్పుకోరు. చేత్తో చేసి చూపించాలంటారు."

"సాయంత్రం బడి?"

"రెండు నెలల తర్వాత మొదలవుతుంది. చలికాలం మధ్యలో అయిపోతుంది. అప్పటికి..."

"అప్పటికి శిక్షణలో దాని సీటు ఇంకొకళ్ళకు పోతుంది."

"అవును."

"మేడం, మీకు తెలుసో లేదో. ఆ కళ్ళద్దాలు తయారుచేసే శిక్షణకు మూడు వందల మంది రాశారు. పద్దెనిమిది మందిని తీసుకున్నారు. ఇది నాలుగోది."

"తెలుసమ్మా. ఆ ఉత్తరం వచ్చిన రోజు ముందు నా దగ్గరికే పరిగెత్తుకొచ్చింది. ఆ అప్లికేషన్ మేమిద్దరం ఈ బల్ల మీదే నింపాం."

"అద్దం అరగదీసి, చత్వారం ఉన్నవాళ్ళకు సూదిలో దారం ఎక్కేలా చేస్తుందట. నాకూ చేసిస్తానంది. రెండు నెలల్లో పట్టా పట్టుకుని వెళ్ళి చేరాలి. రెండు నెలల్లో."

"పోనీలే అమ్మా. వచ్చే ఏడు మళ్ళీ రాస్తాను."

"వచ్చే ఏడు ఈ బడికే వచ్చి ఏం చేస్తావు? ఒక్క పీరియడ్ కూర్చుని ఇంటికొస్తావా?"

"కూర్చుంటాను. మిగతా టైము ఎక్కడైనా పని చూసుకుంటాను."

"పని చూసుకున్నవాళ్ళు మళ్ళీ బడికి వస్తారటే? చెప్పండి మేడం, మీరు చూసుంటారు కదా. ఎంతమంది వచ్చారు?"

"కొంతమంది వస్తారు."

"పదిమందిలో ఎంతమంది?"

"ఒకరు. ఒక్కోసారి ఆ ఒక్కరూ రారు."

"విన్నావా?"

"విన్నానమ్మా."

"ఒక్కమాట అడుగుతాను మేడం. దీనికి పదో తరగతిలో ల్యాబ్ ఉండేది. నాకు గుర్తుంది. తెల్లకోటు కుట్టించమని వాళ్ళ నాన్నను అడిగింది. ఆ ల్యాబ్ ఏమైంది?"

"అమ్మా, అది ఎప్పటిదో."

"నిన్ను కాదు అడిగింది."

"తీసేశారమ్మా. కోర్సు మార్పు ఫారం ఉంది. ల్యాబ్ బదులు లైబ్రరీలో సాయం చేసే పీరియడ్ వేశారు."

"ఫారం దానంతటదే మారదు కదా మేడం. ఎవరు మార్చారు?"

"కౌన్సెలర్ సంతకం ఉంటుంది."

"ఎవరా కౌన్సెలర్? ఇంకా ఉన్నారా, వెళ్ళిపోయారా?"

"ఈ బడికి ఉన్నది ఒక్కరే అమ్మా. పదకొండేళ్ళ నుంచీ నేనే."

"మీరా?"

"నేనే."

"మరి ఇందాకటి నుంచి తీసేశారు, వేశారు అంటున్నారేంటి మేడం? ఎవరో చేసినట్టు."

"నోరు రాలేదమ్మా. పొద్దున్నుంచి చెబుదామనే ఉన్నా. నాలుగు బళ్ళకు ఫోన్ చేశాక చెబుదామనుకున్నా. ఏదో ఒక దారి చేతిలో పెట్టి చెబుదామని."

"మేడం తప్పేం లేదమ్మా. నేనే మార్చమన్నాను."

"నువ్వెందుకు మార్చమన్నావు?"

"లైబ్రరీ ఇష్టమని."

"అలా కాదు చిన్నీ, నన్ను చెప్పనీ. ల్యాబ్ చివరి రెండు పీరియడ్లు ఉండేదమ్మా. అది ఉంటే మూడున్నర దాకా కదలడానికి లేదు. లైబ్రరీ అయితే పొద్దున్నే అయిపోతుంది. ఒంటిగంటకు ఇంటికి వెళ్ళొచ్చు. చెల్లెళ్ళ బడి ఒకటిన్నరకు వదులుతారని, వాళ్ళను తీసుకురావడానికి ఇంట్లో ఎవరూ లేరని వచ్చి అడిగింది. వాళ్ళ నాన్న లారీ మీద వెళ్తే పదేసి రోజులు రారంది. మీకేమో ఆ ఏడాదంతా ఒంట్లో బాగాలేదు."

"నాకా?"

"అమ్మా, మంచినీళ్ళు తాగుతావా?"

"నాకు ఒంట్లో..."

"తాగమ్మా. బస్సు దిగి అలాగే వచ్చేశావు."

"ఆ. ఆ, అవును మేడం. బాగాలేదు. ఆ ఏడాది."

"పదకొండో తరగతిలో ఆ ల్యాబ్ మళ్ళీ వేద్దామని నేను కాగితం మీద రాసుకున్నాను. నాకు నాలుగు వందల ఇరవై మంది పిల్లలు. ఆ కాగితం ఏ ఫైల్లో పోయిందో ఇవాళ్టికీ తెలీదు. చిన్ని మార్కులు చూసి, ఈ పిల్లకేం ఢోకా లేదు, ముందు మునిగిపోతున్నవాళ్ళను చూద్దామనుకుంటూ వచ్చాను. మొన్న లిస్టు సరిచూస్తుంటే గాని కంటపడలేదు. మీరు తిట్టాలనుకుంటే తిట్టండి."

"మిమ్మల్ని తిట్టను మేడం."

"హెడ్మాస్టర్‌కు రాసిచ్చాను, పొరపాటు నాదేనని. పొరపాటు మీదే, క్రెడిట్ మాత్రం రాదన్నారు. నా నుంచి సంజాయిషీ ఒకటి అడిగారు. అదీ ఇచ్చేశాను. దాంతో ఏమవుతుంది? నా ఉద్యోగం పోయినా ఈ పిల్లకు ఒక ల్యాబ్ కలవదు."

"వేరే దారి ఒక్కటి కూడా లేదా మేడం?"

"ఉంది. దానికోసమే మిమ్మల్ని ఇవాళే రమ్మన్నాను. ఇదిగో, ఈ ఫారం. మినహాయింపు ఫారం. ఇంట్లో పెద్ద కష్టం వచ్చి కోర్సు మానాల్సి వస్తే, ఒక్క కోర్సు వరకు మాఫీ చేస్తారు. రేపు సాయంత్రంలోగా పై ఆఫీసులో పడాలి."

"మాఫీ అంటే పట్టా వస్తుందా?"

"మిగతా వాళ్ళతోపాటే వస్తుంది. నిన్న సాయంత్రమే గుర్తొచ్చింది నాకు. ఎగిరి గంతేశాను. మీ జబ్బు సంగతి పై ఆఫీసు దాకా పోకుండా ముందు వేరే దారి దొరుకుతుందేమోనని చూశాను. మీ కేసు ఇందులో అచ్చం అతికినట్టు సరిపోతుందమ్మా. ఆ ఏడాది తేదీలున్న ఆస్పత్రి కాగితం ఒక్కటి తెస్తే చాలు."

"ఆస్పత్రి కాగితమా?"

"డాక్టర్ చీటీ అయినా సరే. ఎక్స్‌రే కవరయినా సరే. తేదీ ఉండాలి, మీ పేరుండాలి."

"మేడం, అది వద్దు."

"ఎందుకు చిన్నీ వద్దు?"

"వద్దు మేడం. నేను వచ్చే ఏడు చదువుకుంటాను. నిజంగా. నాకేం బాధ లేదు."

"నీకేం తెలీదు, నువ్వుండు. చెప్పండమ్మా, కాగితాలు ఇంట్లో ఉన్నాయా?"

"ఇల్లు మారాం మేడం."

"పోయాయా? పోతే పోనివ్వండి. ఏ ఆస్పత్రో చెప్పండి. నేను ఇప్పుడే బయల్దేరి వెళ్ళి నకలు తెస్తాను. వాళ్ళ దగ్గర రికార్డుంటుంది."

"చాలా రోజులైంది కదా."

"రెండేళ్ళే అమ్మా. పదేళ్ళ దాకా దాస్తారు. పేరు చెప్పండి."

"పేరు..."

"అమ్మా, వెళ్దాం పద."

"చిన్నీ, చెల్లెళ్ళు కింద గేటు దగ్గరికి వచ్చి నిలబడుంటారు. వెళ్ళి తీసుకురా."

"ఇద్దరం కలిసి వెళ్దాం."

"తీసుకురావే."

"అమ్మా, నువ్వేం చెప్పకు."

"ఏం చెప్పనులే. వెళ్ళు. తలుపు దగ్గరగా వేసి వెళ్ళు."

"ఇప్పుడే వచ్చేస్తాను."

"వెళ్ళిందా మేడం?"

"వెళ్ళింది. మెట్లు దిగుతోంది."

"ఆ ఫారంలో ఇంకో గడేమైనా ఉందా?"

"గడంటే?"

"కష్టం అని రాశారు కదా. ఏమేం కష్టాలు రాశారు?"

"రెండే. తల్లికో తండ్రికో పెద్ద జబ్బు చెయ్యడం. లేదంటే చనిపోవడం."

"ఇంకోటి లేదా?"

"లేదమ్మా. కింద చిన్న అక్షరాల్లో కూడా ఏం లేదు, రెండుసార్లు చదివాను. మీరు మొహమాటపడుతున్నట్టున్నారు. ఎలాంటి జబ్బయినా ఫరవాలేదు. ఆడవాళ్ళ జబ్బయినా, మనసుకు వచ్చిందయినా సరే. ఆ కాగితం నేనూ, పై ఆఫీసులో ఒక్క మనిషీ చూస్తాం. అంతే."

"అది మీకేం చెప్పింది మేడం? నాకేం జబ్బని చెప్పింది?"

"వెన్నెముక అంది. మంచం దిగలేరంది. ఎక్కువ అడగలేదు నేను. మీ ఇంటికి ఫోన్ చేద్దామని రెండుసార్లు అనుకుని, జబ్బుమనిషిని కదపడం ఎందుకులే అని ఊరుకున్నాను."

"ఇంకేం చెప్పేది?"

"అప్పుడప్పుడు వచ్చి కూర్చునేది, ఇదే కుర్చీలో. మా అమ్మకు నేనే జడ వేస్తున్నాను మేడం అనేది. చెల్లెళ్ళకు మంచం మీంచే పాఠాలు చెబుతుంది అనేది. ఒకరోజు మొహం వెలిగిపోతూ వచ్చింది. ఇవాళ మా అమ్మ గోడ పట్టుకుని నాలుగడుగులు వేసింది మేడం అని. నాకూ కళ్ళలో నీళ్ళు తిరిగాయి."

"నాలుగడుగులు."

"పదకొండో తరగతి మొదలైన వారమే వచ్చి, అమ్మ లేచి తిరుగుతోంది, వంట కూడా చేసింది అని చెప్పింది. ఆ తర్వాత ఇక మీ మాట ఎత్తలేదు."

"ఆ వారమే వచ్చాను మేడం."

"ఆస్పత్రి నుంచా? అంటే డిశ్చార్జి కాగితం ఇచ్చే ఉంటారు. అదొక్కటి చాలమ్మా, ఇంకేం వద్దు. ఏ ఊరి ఆస్పత్రయినా సరే, చెప్పండి."

"ఆస్పత్రి లేదు, జబ్బూ లేదు మేడం. ఆ ఏడాది ముగ్గురు పిల్లల్నీ వాళ్ళ నాన్నకు వదిలేసి ఇంట్లోంచి వెళ్ళిపోయాను నేను. ఆ మాట మీకు చెప్పలేక నా బిడ్డ నన్ను మంచాన పడుకోబెట్టింది."