దేవవ్వకు పడని వేలిముద్ర

దేవవ్వని ఒకామె ఉండె, బీడీలు చేస్తది. ముప్పై ఏండ్ల సంది అదే పని అనుకో, ఆకు కత్తిరించుడు, తంబాకు పోసుడు, చుట్టుడు, దారం కట్టుడు. ఆమె బిడ్డ రవళి. పిల్లకు కాలు సక్కగ లేదు, గడప దాటి నౌకరి చేసేటట్టు లేదు. ఇంట్లనే కూసోని దవాఖాన కాయితాలు కంప్యూటర్ల కొట్టే పని దొరికిందంట పాపం. దొరికింది గాని దానికి నెట్టు కావాలె గదా! రెండు నెలలు ఎట్లనో కట్టిన్రు, మూడో నెల చేతులెత్తేసిన్రు. ఇంకో పది దినాలల్ల వైరు పీకేస్తమన్నరు నెట్టోళ్ళు. వైరు పోతే పిల్ల పని పోయినట్టే.

గప్పుడు ఏమైందంటే, పేదోళ్ళ ఇండ్లకు నెట్టు బిల్లుల సగం సర్కారే కడ్తదని వాడకట్టుల తెలిసింది. దేవవ్వ ఆన్‌లైన్ సెంటరుకు పోయింది. ఆడ శోభ అని ఒకామె కూసుంటది. కాయితాలన్ని సూసింది, మంచిగనే ఉన్నయి, ఇగ మిషన్ మీద వేలు పెట్టు పెద్దమ్మా అన్నది. ఈమె బొటనవేలు పెట్టింది. పడలే. తుడిసి పెట్టింది, పడలే. ఎట్ల పడ్తది, మీరే చెప్పున్రి! ముప్పై ఏండ్లు ఆకు మీద రుద్ది రుద్ది ఆ వేలు నున్నగైంది, గీతన్న మాటే లేదు. నాలుగు దినాలు చేతికి రెస్టు ఇయ్యి పెద్దమ్మా, నూనె రాయి, మళ్ళ రా అన్నది శోభ. వెనక లైనుల ఇరవై మంది ఉన్నరు, ఆమె మాత్రం ఎంతసేపని మాట్లాడ్తది.

సరే అని దేవవ్వ బీడీలు బంద్ పెట్టింది. నాలుగు గాదు, ఎనిమిది దినాలు! కార్ఖాన సేటు ఊకుంటడా? ఆకు తీస్కపోకుంటే నీ కార్డు ఇంకొకలకిస్త అన్నడు. ఇంట్ల దినాం ఒక పూటే పొయ్యి ముట్టిచ్చిన్రు. పని లేక ఆమెకు పిచ్చి లేసినట్టయి, ఉత్త చేతులతోనే బీడీలు చుట్టినట్టు చేస్కుంట కూసునేదంట. రవళి ఏడ్సింది. "నాకు నెట్టు వద్దు, నౌకరి వద్దు, నువ్వు బీడీలు చేస్కోయే అమ్మా" అన్నది. "నోర్ముయ్యే, నా లెక్క నీ వేళ్ళు గూడ అరిగిపోవాల్నా?" అని కసిరింది తల్లి.

తొమ్మిదో దినం పోయి మళ్ళ బొటనవేలే పెట్టింది. పడలే. ఇగ ఆడనే కూలవడ్డదంట. నా వేలు బీడీలల్ల పోయింది బిడ్డా, యాడికెల్లి తేవాలె, వేలు పడకుంటే నేను మనిషిని గానా అని ఏడ్సింది. శోభ కుర్సీల నుంచి లేసొచ్చి రెండు చేతులు పట్టుకోని సూసింది. "అయ్యో పెద్దమ్మా, బొటనవేలే ఎందుకు పెడ్తున్నవ్? ఏ వేలైన నడుస్తది గదా, చిటికెన వేలికి ఇంకా గీతలున్నయి, అది పెట్టు" అన్నది. పెట్టింది. టక్కున పడ్డది.

సూడున్రి మరి. మనకు ముద్రంటే బొటనవేలే, తాతల సంది పట్వారి కాడ అదే పెట్టినం. ఇంకోటి పెడ్తరని ఎవలకెరుక? శోభేమో అందరికి తెల్సనుకున్నది, ఈమెకేమో అడగాల్నని తెల్వలే. ఎవలని తిడ్తం.

వైరు నిలవడ్డది, పిల్ల పని నిలవడ్డది. గాని మూడు నెలలకోపారి మళ్ళ పోయి వేలు పెట్టాలెనట. అందుకే దేవవ్వ ఇప్పుడు చిటికెన వేలికి గుడ్డపేలిక చుట్టుకోని బీడీలు చేస్తది. దెబ్బ తాకిందా అవ్వా అని ఎవలన్న అడిగితే, లేదే, ఇది సర్కారు వేలు, దీన్నొక్కదాన్ని అరగనియ్య అంటదంట. నవ్వకున్రి. మీరు గూడ ఇంటికి పోయి దీపం కాడ మీ వేళ్ళు సూస్కోన్రి.