సుద్దగీతలో భుజం

దర్జీ తాతయ్య కత్తిరింపు బల్ల మీద మనవరాలు ఫోను నిలబెట్టి రికార్డింగు నొక్కింది. ఇంటి పెద్దల గురించి రేపు బళ్లో చెప్పాలట.

"మీ అమ్మ ఎలా ఉండేదో చెప్పు తాతయ్యా. ఒక్క ఫోటో కూడా లేదు. నువ్వు చెప్పకపోతే ఇంకెవరికీ తెలీదు."

"నేను కుట్టేవాణ్ణే గానీ కట్టుకథలు కట్టేవాణ్ణి కాదమ్మడూ. మొహమా... గుర్తు రావట్లేదే."

"మరేం గుర్తుంది?"

"రవిక కొలతలు. నేను మొదట కుట్టింది ఆవిడకే."

"పోనీ అవే గియ్యి."

తాతయ్య నల్లగుడ్డ పరిచి, టేపు ముట్టకుండానే సుద్దముక్కతో గీసుకుంటూ పోయాడు. చెయ్యి ఎక్కడా ఆగలేదు.

"ఒక భుజం కిందికి జారింది తాతయ్యా. తప్పు గీశావు."

"గీత సరిగ్గానే ఉంది. ఆవిడ ఎడమ భుజమే అంత, పుట్టుకతోనే. సమంగా కుడితే ముడత పడేది."

మనవరాలు గుడ్డను ఒంటికి ఆనించుకుని అద్దం ముందు నిలబడింది. 'తిన్నగా నిలబడవే' అని వాళ్లమ్మ రోజూ పోరుపెట్టే ఎడమ భుజం ఆ సుద్దగీత కింద అతికినట్టు సరిపోయింది.

"తాతయ్యా, ఈ భుజం నాది కూడానా?"

తాతయ్య బల్ల మీది ఫోను చేతిలోకి తీసుకున్నాడు.

"ఫోటో లేదన్నావుగా. కదలకు, తీస్తాను."

"తిన్నగా నిలబడనా?"

"వద్దు తల్లీ. మా అమ్మలాగే నిలబడు."