కాశీవిశ్వనాథం గారు ఫైర్‌వాల్ చెవిలో మాట్లాడిన వైనం

అశోక్ నగర్‌లో మహేశ్వరి నడిపే స్టడీ హాల్లో పొద్దుటి నుంచి నెట్ లేదు. సాయంత్రం పిల్లలందరికీ ఆన్‌లైన్ మాక్ టెస్ట్. అప్పటికీ రాకపోతే ఎదురు బిల్డింగ్ హాలుకు మారిపోతామని వాళ్లు మొహం మీదే చెప్పేశారు. టెలిఫోన్ పనిలో రిటైరైన కాశీవిశ్వనాథం గారు "నేనుండగ ఇంజినీర్ ఎందుకమ్మా" అని మేడెక్కి, హాల్లో నెట్ పెట్టె దగ్గర చాలాసేపు కూర్చుని, ఇప్పుడు కింద టీకొట్టు బెంచీ మీద కాలు మీద కాలేసుకున్నారు. వస్తానన్న ఇంజినీరును రమ్మనాలో వద్దనాలో తేల్చుకోవడానికి మహేశ్వరి కిందికి దిగింది.

"సార్, నెట్ వచ్చినట్టేనా?"

"కూసో అమ్మా, చెప్త. ఫైర్‌వాల్ అంటే ఏంది? మన నెట్టుకు వాచ్‌మన్. గది అలిగింది. వైఫై మీద పిలిస్తే పలుకుతలేదు. గట్లాంటప్పుడు దానెనక కన్సోల్ అని చిన్న సాకెట్ ఉంటది, దాంట్ల యూఎస్‌బీ వైరు పెట్టి, ఇంకో కొస ల్యాప్‌టాప్‌కు పెట్టి, నేరుగ దాని చెవుల మాట్లాడాలె. పెట్టిన. పెట్టంగనే స్క్రీన్ నిండ అక్షరాలు."

"ల్యాప్‌టాప్‌ల స్పీడ్ ఎంత పెట్టిన్రు సార్? అది కలవకుంటే అక్షరాలు సక్కగ రావు గదా," అన్నాడు గ్రూప్స్‌కు చదివే భాను, టీ ఊదుకుంటూ.

"నేను పెట్టుడేంది బిడ్డా, నన్ను చూసి అదే తగ్గించుకున్నది. ఆ తర్వాత ఏమైందో ఎరుకేనా? అక్షరాలు స్క్రీన్ దాటి కీబోర్డు మీదికి పొర్లినయి. చేతులతోని తోడి పోసిన. అండ్ల చూస్త గదా, ఏదో దేశంల కూసున్న దొంగ అటు కొస పట్టుకొని మన నెట్ గుంజుతున్నడు. నేనిటు గుంజిన. ఒక్క గుంజుకు వాడు కుర్చీతోని సహా లోయర్ ట్యాంక్ బండ్ దాకా జారుకుంట వచ్చిండు. ట్రాఫిక్ ఆగిపాయె."

"పొద్దున బస్సు ఆగింది నిజమే," అన్నాడు టీకొట్టు కృష్ణయ్య.

"అది రోజూ ఆగుతది కదనే," అన్నాడు భాను.

"పిల్లలున్నరు సార్ అని ఏడిస్తే వదిలేసిన," కాశీవిశ్వనాథం గారు గొంతు పెంచారు. "ఆ సంగతి తెలిసి నారాయణగూడ, చిక్కడపల్లిల ఉన్న ఫైర్‌వాల్‌లన్నీ లైట్లు ఆర్పి ముట్టించుకుంట నాకు దండం పెట్టినయి."

"మరి మన నెట్, సార్?"

"వస్తదమ్మా. నా ముంగట జర సిగ్గుపడుతున్నది."

మహేశ్వరికి మేడ మీద హాల్లో పిల్లలు కుర్చీలు జరుపుతున్న చప్పుడు వినిపించింది. కథంతా పక్కన పెడితే, పెట్టెకూ ల్యాప్‌టాప్‌కూ మధ్య ఏదో ఒక వైరు ఉండి ఉండాలి కదా అనుకుంది.

"ఏ వైరు పెట్టిన్రు సార్?"

"నీ కౌంటర్ మీద పడి ఉండె." జేబులోంచి తీసి, శాలువా కప్పినంత మర్యాదగా ఆమె చేతిలో పెట్టారు.

మహేశ్వరి దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇది దోమల బ్యాట్‌తోని వచ్చిన వైరు సార్. దీంట్ల చార్జింగ్ ఒక్కటే పోతది. మొన్న ఫోన్లకెల్లి కంప్యూటర్‌కు ఫొటోలు ఎక్కిద్దామని చూసిన, ఒక్కటి పోలే."

కృష్ణయ్య గ్లాసులు కడగడం ఆపాడు. మహేశ్వరి ఇంజినీరుకు ఫోన్ కలిపింది.

"అన్నా, ముషీరాబాద్ దాటిన్రా? జల్ది రండి. మీ వైరే తెచ్చుకోండి."

కాశీవిశ్వనాథం గారు కండువా సర్దుకున్నారు. "రానియ్ అమ్మా. సగం పని నేను చేసే పెట్టిన."

"అవును సార్," అన్నాడు భాను, గ్లాసు కింద పెడుతూ. "ఫైర్‌వాల్‌కు ఫుల్ చార్జింగ్ ఎక్కింది."