అక్క కండ్లు

మిల్లు లైను ఇండ్ల కొళాయి కింద బిందె పెట్టి, ఆమె తన కడుపుమంట పక్కింటి సైన్సు టీచరు చెవిన వేసింది.

"పాపకు మా అక్క పిల్లికండ్లే వచ్చినాయి టీచరక్కా. మామ మొదట కట్టుకునింది దాన్నే. అది పోయినాకే నన్ను. చచ్చీ నన్ను వదల్లేదు చూడండి."

"అక్క ఎట్లిస్తుంది? నువ్విచ్చిందే."

"నావి నల్లకండ్లు గదా."

"మనలో అన్నీ జతలే, రెండు పోగులు పేనిన నూలు మాదిరి. బిడ్డకు పోయేటప్పుడు జత విడిపోయి ఒక్క పోగే పోతుంది. నీ జతలో ఒకటి నలుపు, ఇంకోటి పిల్లికన్ను. నలుపు దాన్ని కప్పేసింది. మీ మామకూ అంతే."

"ఆయనకెట్లా?"

"మీ అమ్మకు సొంత తమ్ముడు గదా. ఒకే ఇంటి నూలు. ఇద్దరిలో దాగిన పోగులూ పాపలో కలిసినాయి. మీ అక్కకూ మీ అమ్మానాన్నల నుంచి అట్లే వచ్చినాయి."

బిందె నిండి పొర్లుతున్నా ఆమె చూడలేదు.

"అయితే అది నాలోనూ ఉందంటారు."

"పుట్టినప్పటి నుంచీ."

"మామ పాపను ఒళ్లో పెట్టుకుని, ఆ కండ్లే చూస్తా కూర్చుంటాడు. అవి నాలో దాగి ఉన్నన్నాళ్లూ ఒక్కపూటైనా నన్నట్ల చూడలేదే."