నీళ్లు ఆపడానికి వచ్చినవాడు

మేడ మీది వాటాకు నీళ్లు ఆపేసి రమ్మని ఇంటి యజమాని పంపితే ప్లంబరు వచ్చాడు గానీ, ఆ పని అతనికి మొదటినుంచీ మింగుడుపడలేదు. అద్దెకుంటున్న దర్జీ ఆవిడ గుమ్మంలో అడ్డంగా నిలబడింది.

“కప్పు కారుతోంది, బాగుచేయించండి అన్నందుకు ఇంత పగా అన్నయ్యా? ఖాళీ చేసేదాకా నీళ్లివ్వడట. పిల్లలతో ఎక్కడికి పోను?”

“ఎక్కడికీ పోవద్దమ్మా. అద్దె ఇళ్ల ఫిర్యాదులు తీసుకునే ఆఫీసు ఉంది, తెలుసా?”

“మాకు ఒప్పంద కాగితమే లేదు. మా మాట ఎవరు వింటారు?”

“నన్నూ ఒకప్పుడు అద్దెింటి నుంచి పొమ్మంటే అట్లాగే అనుకుని వానలో సామాను మోసుకుపోయాను. చెప్పేవాడు లేకపోయె. పురపాలక ఆఫీసులో రెండో అంతస్తు, మెట్ల పక్క గది. కాగితం లేకపోయినా వింటారు. నీళ్లు ఆపమని మనిషిని పంపాడని రాయి.”

“సాక్షి ఎవరంటే?”

ప్లంబరు చేతిలోని రెంచీని సంచిలో పడేశాడు.

“నేనే.”

“అయ్యో! ఆయన ఆరిళ్ల పనీ మీదేగా. మళ్లీ పిలుస్తాడా?”

“పిలవకపోతే పీడా పోయింది. ఆ ఇళ్ల మురుగు గొట్టాలన్నీ కడిగాను గానీ ఆయన నోరు కడగలేకపోయాను.”

ఆవిడ నవ్వబోయి ఏడ్చేసింది. రెండు చేతులూ జోడించింది.

“మా అమ్మ కడుపున పుట్టినవాడైనా ఇంత చేయడన్నయ్యా.”

“దండాలు తర్వాత. కాగితం తీసి రాయి, కింద చోటు వదులు. బడిలో నేను నేర్చుకున్నది సంతకం ఒక్కటే. ఇన్నాళ్లకు పనికొస్తోంది.”